ఇనుప గిన్నెలో తుమ్మ కషాయం

మా వీధి చివరి టీకొట్టువాడు ఈమధ్య మామూలు టీ ఇవ్వడం మానేశాడు. టీ అడిగితే ‘అల్లమా, బెల్లమా, నిమ్మగడ్డా సార్?’ అంటాడు. ఏమీ వెయ్యకుండా ఇవ్వవయ్యా అంటే, జబ్బేదో దాస్తున్నవాణ్ణి చూసినట్టు జాలిగా చూస్తాడు. నిన్న అడక్కుండానే గ్లాసులో దాల్చినచెక్క ముక్కొకటి వేసిచ్చాడు. అది తేలుతూ కనబడగానే మా పెదనాన్న గుర్తొచ్చారు, పళ్లు జివ్వుమన్నాయి.

ఆ రోజుల్లో, అంటే డిగ్రీ చేతికొచ్చి, దాంతోపాటు తెలివి కూడా వచ్చేసిందని నమ్మిన రోజుల్లో, నేను కంచరపాలెంలో పెదనాన్న ఇంట్లో ఉండేవాణ్ణి. ఆయన శ్రీకాకుళం అవతలి పల్లె నుంచి రైల్వే కొలువుకొచ్చి, రిటైరయ్యాక వైద్యంలో ప్రవేశించారు (ఎవరూ పిలవలేదు, ఆయనే వెళ్లారు). ఆయన వైద్యశాస్త్రం మొత్తం ఇంతే: ‘మడిసికి తోలు, సెట్టుకి పట్ట. తోలు మీదొచ్చినా, తోలు కిందొచ్చినా పట్టే మందు.’ గుండెకి తెల్లమద్ది, చక్కెరకి వేగిస, జ్వరానికి వేప. తోలు మీదా తోలు కిందా కాకుండా ఇంకెక్కడొస్తుంది జబ్బు అని అడిగితే, ‘మీ సదువులింతే’ అనేవారు. మా సందు మొదట్లోని వేపచెట్టు ఆయన చెయ్యందినంత మేరా చొక్కా విప్పిన మనిషిలా నిలబడి ఉండేది. రోగం తగ్గినవాళ్లు ఆయన పేరు చెప్పుకునేవారు. తగ్గనివాళ్లు ఆస్పత్రికి పోయి తగ్గించుకొచ్చి, మొహమాటానికి మళ్లీ ఆయన పేరే చెప్పేవారు.

అలాంటి ఇంట్లో ఉండగా, సోమవారం ఇంటర్వ్యూ అనగా శుక్రవారం నా దవడ చిగురు వాచి, నొప్పి మొదలైంది. పోర్టులో ఓడలకెక్కే ఖనిజంలో ఇనుము ఎంతుందో తేల్చే చిన్న ప్రైవేటు ల్యాబులో ఉద్యోగం అది. కెమిస్ట్రీ చదివినవాడికి కెమిస్ట్రీ పని దొరకడం మా బ్యాచిలో అప్పటికి జరగని వింత. ఇది కూడా పోతే ఊరికొచ్చి జీడిమామిడి తోట చూసుకోమని నాన్న ముందే చెప్పేశారు. పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్తానన్నాను. ఇల్లొదిలి పోతానన్నట్టు వినిపించింది పెదనాన్నకి.

‘తుమ్మపట్ట ఉండగా డాట్రేటిరా?’ అని పూర్ణా మార్కెట్‌కి పోయి పొట్లం కట్టించుకొచ్చారు. పెద్దమ్మ మట్టికుండ కడుగుతుండగా బావ దిగాడు. ఆయన పెదనాన్న అల్లుడు, ఆటోనగర్‌లో వెల్డింగ్ షాపు. అత్తగారి కోసం స్వయంగా చేసిన ఇనుప గిన్నె భుజాన మోసుకొచ్చాడు (నిజంగానే భుజాన. అది ఓడకి లంగరుగా కూడా పనికొస్తుంది).

‘ఉక్కు ఊర్లో ఉండి కుండేటి మావా? దీన్లో మరిగించు. పట్ట బలం పట్టదే, ఇనుం బలం ఇనుందే.’

‘నిజివే. ఒరే, సదివినోడివి, నువ్వేటంతావు?’

నేను ‘ఊఁ’ అన్నాను. నా నాలుగు ముక్కల చదువు ఆ ఇంటికి ఉపయోగపడగలిగిన ఒకే ఒక్క సందర్భం అది.

కషాయం ముందు ఎర్రగా, తర్వాత ముదురుగా, చివరికి అమావాస్యలా తయారైంది. ‘సారం దిగతంది’ అన్నారు పెదనాన్న. ‘గిన్ని నాను సేసింది మరి’ అన్నాడు బావ. తుమ్మ బెరడులోని వగరు ఇనుముతో కలిస్తే పాతకాలపు రాతసిరా తయారవుతుందని మాకు పాఠమే ఉండేది. పరీక్షలో రాశాను, మార్కులూ పడ్డాయి. పుక్కిలించేటప్పుడు మాత్రం గుర్తు రాలేదు. పళ్లు మసకబారుతుంటే ‘మందు పట్టింది’ అన్నారు. తోముకుంటే పోతుందిలే అనుకుని రెండు రోజులు మహా శ్రద్ధగా పుక్కిలించాను. సోమవారం పొద్దున అద్దంలో నవ్వి చూసుకుంటే లోపల కరెంటు పోయి ఉంది. బ్రష్షు, నిమ్మకాయ, బూడిద, దేనికీ కరెంటు రాలేదు.

పెదాలు విప్పకుండా ‘బీఎస్సీ’ అనడం ఎంత కష్టమో మీరే ప్రయత్నించి చూడండి. నేను ల్యాబు మేనేజరు గారి ముందు ప్రయత్నించాను. ‘కిళ్లీనా?’ అన్నారాయన. అవునండీ అని ఉంటే బతికిపోయేవాణ్ణేమో. సైన్సు విద్యార్థిని కనక నిజం చెప్పాను: వాపు, తుమ్మ బెరడు, ఇనుప గిన్నె. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, ‘నీ నోట్లో ఇనుమే కనిపెట్టలేకపోయావు, ఓడలో ఇనుము ఏం కనిపెడతావయ్యా?’ అని, తర్వాతి అబ్బాయిని పిలవమన్నారు.

ఇప్పుడవే బెరళ్లు గొట్టం మాత్రల్లో దూరి, గడ్డం ముని బొమ్మున్న డబ్బాల్లో ఏసీ షాపుల్లో కూర్చున్నాయి. వాటిని చూసి వెక్కిరించడం నేనింకా మానలేదు. కానీ ఇస్త్రీ చొక్కా వేసుకుని, నోరు బిగించి, కంచరపాలెంలో బస్సు దిగి కోపంగా నడిచిపోతున్న ఆ కుర్రాడు తలపుకొస్తే మాత్రం ముద్దొస్తాడు. వాడు ఆవేళ గుమ్మంలోనే మొదలెట్టాడు. మీ పట్ట, మీ అల్లుడి గిన్నె కలిసి నా ఉద్యోగం మింగేశాయి, ఇక నా బతుకు జీడితోటే, మీది వైద్యం కాదు మూఢత్వం అని, చదువుకున్న మాటలన్నీ వాడేశాడు. పెద్దమ్మ మంచినీళ్ల గ్లాసు తెచ్చి వాడి చేతిలో పెట్టింది. పెదనాన్న మధ్యలో అడ్డు రాకుండా మొత్తం విన్నారు.

‘ఉజ్జోగం సంగతి సర్లేరా. నొప్పి తగ్గిందా, నేదా? అది సెప్పు.’