పిల్లి దూకిన మూల

అమెరికాలోని కెంటకీ కొండల్లో ఒలేటాని ఎప్పుడు చూసినా పెదవుల మధ్య రెండు గుండుసూదులుంటాయి. మాట్లాడేటప్పుడు కూడా తీయదు. పాత చొక్కాలు, పిండి సంచులు కత్తిరించి బొంతలు కుడుతుంది. మనవరాలు డార్లా కుట్టుపనిలో చేరాక వాటి మీదికి రంగులు, గుండీలు, చెట్ల బెరడు కూడా ఎక్కాయి. "బొంతకి బెరడేంటే, వీపు గీరుకుపోదూ!" అని తిడుతూనే ఆ బెరడుని ముద్దుగా కుట్టేస్తుంది.

కొత్త బొంతలో పిల్లిని వేసి, నాలుగు మూలలూ పట్టుకుని పెళ్లికాని పిల్లలు ఎగరేస్తారక్కడ. అది ఎవరివైపు దూకితే వాళ్లకే ముందు పెళ్లి. మొన్న డార్లాకి ఇద్దరు స్నేహితురాళ్లే దొరికారు. నాలుగో మూల ఒలేటా పట్టుకుంది. రంగు ఆరలేదన్న సంగతి అందరూ మరిచారు. పిల్లి నీలం రంగు తొక్కుకుంటూ తిన్నగా ఒలేటా మీదికే దూకింది.

"అమ్మమ్మా, శనివారం శనివారం నీకు చెరుకుపాకం తెచ్చే హోబర్ట్ తాతకి కబురు పెట్టనా?"

"నోర్ముయ్యవే! ఈ వయసులో నాకు పెళ్లేంటి?" అంటూ పగలబడి నవ్వింది. సూదులు రెండూ రాలిపోయాయి.

పిల్లి అడుగులు తుడిచేద్దామని డార్లా తడిగుడ్డ తెస్తే మాత్రం చెయ్యి పట్టుకుని ఆపింది. ఒక్కో అడుగు చుట్టూ ఎర్రదారంతో కుట్టింది. శనివారం హోబర్ట్ వచ్చే వేళకి ఆ బొంతని, అడుగులు దారిలోకి కనబడేలా, వరండాలో ఆరేసింది.