ఈకలో లేని నీలం

సారవ్వ మూడు నెమలి ఈకలు తెచ్చింది. ఓపెన్‌కాస్టు మట్టిగుట్టల మీద నెమళ్లు తిరుగుతాయి. వాన వెలిసిన పొద్దున వెళ్లి, రాలినవి ఏరుకుంది.

ఆమె భర్త కొమురెల్లి గోదావరిఖనిలో బాయి దిగి బొగ్గు తవ్వినవాడు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో ఉండిపోయింది. గోడకు ఆనుకుంటేనే గాలి అందుతుంది. దవాఖానవాళ్లు ఇక ఇంట్లోనే చూసుకోమన్నారు.

సారవ్వ పుట్టింటి ఊళ్లో ఆయాసానికి నెమలి ఈక కాల్చి, మసిని తేనెలో నాకించేవారు. వానాకాలమంతా ఆమె నాకించింది. తగ్గలేదు. మందు ఆ నీలంలోనే ఉందని, తాను దాన్నే కాల్చేస్తున్నానని ఆమెకు తోచింది.

పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఆమె ఉతికింది నలుపు. అతని చొక్కాలో, తువ్వాలలో, తలగడలో. ఏ రంగైనా నీళ్లలోకి దిగుతుందని ఆమెకు తెలుసు.

ఒక ఈకను నానబెట్టింది. తెల్లారి చూస్తే నీళ్లు తేటగా ఉన్నాయి. రెండోదాని కన్ను కత్తిరించి రోట్లో నూరింది. గోధుమ రంగు పొడి మిగిలింది.

"అది తాగి నేను పురి విప్పాల్నా ఏంది?" అన్నాడు కొమురెల్లి. నవ్వబోయి దగ్గాడు.

పక్క క్వార్టరు పిల్ల రమ డిగ్రీలో జంతుశాస్త్రం చదువుతోంది. వచ్చి రోట్లోకి చూసింది.

"అవ్వా, అండ్ల నీలం రంగే లేదు. కంటికి ఆనని సన్న పుల్లలు వరుసగ పేర్చినట్టు ఉంటయి. వెలుతురు వాటికి తాకి నీలమైతది. నూరితె వరుస చెదిరిపోతది. పుల్లల రంగే మిగుల్తది."

"మరి కండ్లకు కనవడ్డదేంది?"

"కనవడ్డది నిజమే. పిండి తీద్దామంటె ఏం లేదు."

సారవ్వ చెయ్యి రోట్లోనే ఉండిపోయింది.

"బాయిల బొగ్గు గూడ అంతేనే," కొమురెల్లి ఆగి ఆగి అన్నాడు. "లైటు వడితె ఒక్కోపారి నెమలి లెక్క మెరిసేది. చేతిల వట్టుకుంటె నల్లదే."

"నాకు సుద్దులు చెప్పకు. ఊపిరి తీస్కో."

మూడో ఈకను నూరలేదు.

మధ్యాహ్నం అతను కళ్లు మూశాడు. ఛాతీ కదులుతున్నట్టు లేదు. సారవ్వ ఈకను అతని ముక్కు దగ్గర పట్టింది. కిటికీ వెలుతురులో, అతని ఊపిరికి పోగులు కొంచెం వంగాయి. నీలం ఆకుపచ్చ అయింది. మళ్లీ నీలం.

"అవ్వా, వచ్చి జరంత బువ్వ తినరాదూ," రమ గడపలోంచి పిలిచింది.

ఆమె తల తిప్పలేదు. ఆకుపచ్చ. నీలం.

ఆకుపచ్చ కోసం చూస్తోంది.