రజియా మేడం రాయించిన రెండో పేజీ

హోటల్లో భోజనం ముగించి చిటికెడు సోంపు నోట్లో వేసుకుంటే చాలు, నాకు రజియా మేడం గుర్తొస్తారు. అరవైల చివర్లో నిజామాబాద్ కాలేజీలో ఆమె మాకు చరిత్ర చెప్పేవారు. హైదరాబాద్ మనిషి. ఇంట్లో ఉర్దూ, మాతో తడబడే తెలుగు. సోంపు నములుతూ మా కాగితాలు చదివేవారు. వాక్యం నచ్చితే నమలడం ఆపేవారు. ఆ ఆగడం కోసమే మేం కష్టపడి రాసేవాళ్లం.

హాస్టల్లో నా గదిలో ఉండే సుశీలది బోధన్ దగ్గరి క్యాంపు. గుంటూరు వైపు నుంచి వచ్చి చెరకు వేసుకున్న రైతుల ఊళ్లను మేం అలాగే పిలిచేవాళ్లం. మాది ఏర్గట్ల దగ్గర పసుపు పండించే ఇల్లు. ఒకరి మాటకు ఒకరం నవ్వుకునేవాళ్లం కానీ ఆ నవ్వులో అప్పుడప్పుడూ ముల్లు ఉండేది. సెలవుల్లో ఒకరింటికి ఒకరు వెళ్లి, చూసింది రాసుకురమ్మన్నారు మేడం. వెళ్లొచ్చాం. వచ్చాక మాటలు మానేశాం. గది మార్చమని వార్డెన్‌ను అడగాలని ఎవరికి వారం నిశ్చయించుకున్నాం.

మేడం తన గదికి పిలిచి ఇద్దరితోనూ చదివించారు. "వాళ్లమ్మ 'కూర్చోండమ్మా, ఇంకాస్త వేసుకోండి' అంటూ నన్ను పరాయిదాన్ని చేసింది" అని నేను రాశాను. "వాళ్ల అవ్వ 'ఏందే, గట్ల సూస్తవ్? తినవే!' అని అందరి ముందూ నన్ను గదిమింది" అని సుశీల రాసింది.

మేడం నమలడం ఆపారు. "కోపం మంచిగ రాసిండ్రు. ఇప్పుడు రెండో పేజీ. నువ్వు సుశీల అమ్మవనుకో. సుశీలా, నువ్వు అవ్వవనుకో. రాయండి."

"ఆమె ఏమనుకున్నదో నాకేం తెలుసు మేడం?" అన్నాను.

"తెల్వదా? మరి మొదటి పేజీ ఎట్ల రాసినవ్?"

తెలియాలంటే మాట్లాడాలి. ఆ సాయంత్రం సుశీలే ముందు నోరు విప్పింది. "మీ అవ్వకి నా మీద కోపమా?"

"కోపమైతే 'ఏందమ్మా' అంటది. 'ఏందే' అన్నదంటే నువ్వు ఇంటి పిల్లవే!"

సుశీల తెల్లబోయింది. "మా అమ్మ ఇంటికొచ్చిన వాళ్లెవర్నైనా అండీ అనే అంటుంది. నువ్వొస్తున్నావని పెట్టెలోంచి కొత్త దుప్పటి తీసి పరిచింది, చూళ్లేదా?"

చూశాను. రాయలేదు.

మర్నాడు సుశీల మా అవ్వ గొంతుతో చదివింది: "గీ పిల్ల పిట్టలెక్క తింటది. గదిమితే గాని బువ్వ లోపటికి పోదు." మేడం పడీపడీ నవ్వారు. నా పేజీలోకి ఆ కొత్త దుప్పటి వచ్చి చేరింది. తర్వాత తాను రాసిన పేజీ కూడా వినిపించారు. ఈ ఊరికి వచ్చిన కొత్తలో ఇంటి యజమానురాలు రోజూ "అన్నం తిన్నవా?" అని అడిగితే, నా వంటింటి మీద ఈమె కాపలా ఏమిటని మేడం మండిపడేవారట. "అది సలాం అని తెల్వనీకె ఏడాది పట్టింది" అంటూ తన మీద తానే నవ్వుకున్నారు.

డిగ్రీ అయ్యేదాకా సుశీలా నేనూ ఆ గదిలోనే ఉన్నాం. ఇప్పటికీ ఎవరి మాటైనా గుచ్చుకుంటే, వాళ్ల తరఫున ఒక పేజీ రాయడానికి కూర్చుంటాను. చాలాసార్లు సగంలోనే కోపం జారిపోతుంది. ఏమీ తోచనప్పుడు మాత్రం లేచి, చెప్పులేసుకుని, వాళ్లింటికే వెళ్లి అడుగుతాను.