అక్క షెడ్డు మీది గాలి

గార్ల దగ్గర మా ఊళ్లో నేను అక్కా అని పిలిచే పెద్ద తోడికోడలు బాయిలర్ కోళ్ల షెడ్డు వేసిన ఏడాది నాకు తిండి సయించలేదు. వాసన వల్లేనని అందరికీ చెప్పుకున్నాను. అది సగమే నిజం. అలాంటి షెడ్డు కోసం మేమూ అడిగాం. కోడిపిల్లలను, దాణాను ఇచ్చే కంపెనీవాళ్లు వచ్చి చూసి, మా చెలకకు లారీ వచ్చే బాట లేదని వెళ్లిపోయారు. అన్నదమ్ముల పంపకాల్లో బాట పక్క భూమి ఆమెకు పడింది.

పడమటి గాలి వీస్తే ఆ ఘాటు మా ఇంట్లోకి కొట్టేది. కళ్లు మండేవి, ఆరేసిన బట్టలకూ పట్టేది. గాలి లేని రోజు కూడా నేను ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునే ఆమె ఇంటి ముందు నుంచి నడిచేదాన్ని. ఆమె కొత్త స్కూటీ కొన్ననాడు అన్నం ముందు నుంచి లేచిపోయాను.

చివరికి షెడ్డు వాసన మీద అర్జీ రాసి, ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించాను. అధికారి వచ్చిన పొద్దున గాలి మా ఇంటివైపు కాక అవతలికి తిరిగింది. ఆయన మా వాకిట్లో నిలబడి, వాసనేమీ రావడం లేదే అన్నాడు. షెడ్డు చూసి, కోళ్ల కింద తడిసిన ఊక తీసి పొడిది పరచమని చెప్పి వెళ్లాడు.

ఆయన వెళ్లగానే అక్క నా దగ్గరికి వచ్చింది. పోట్లాడుతుందనుకున్నాను. చెయ్యి పట్టుకుని షెడ్డులోకి తీసుకుపోయింది. పది అడుగులు వేసేసరికి నా కళ్ల వెంట నీళ్లు కారాయి, గొంతు పట్టేసింది. ఆమె దగ్గుతూనే వంగి నీళ్ల గిన్నెలు సరిచేస్తోంది.

"నీకు గాలి మర్లినప్పుడే వస్తది చెల్లె. నేను పొద్దుమాపు గిండ్లనే ఉంట," అంది.

ఆ వానాకాలం ఆమె దగ్గు ముదిరింది. మహబూబాబాద్ దవాఖానలో, కొన్నాళ్లు షెడ్డులో అడుగుపెట్టొద్దన్నారు. అప్పటికి షెడ్డులో కొత్త కోడిపిల్లలు దిగి వారమే. మా బావగారు ఒక్కరి వల్ల కాదు. నేను చేస్తానన్నాను. జాలిపడ్డానని ఊరనుకుంది. జాలి లేకపోలేదు గానీ, అలాంటి షెడ్డు నా చేతుల్లో ఎట్లా నడుస్తుందో చూసుకోవాలన్న ఆశే ఎక్కువ. మూతికి తువ్వాల కట్టుకుని తెల్లారకముందే పరదాలు ఎత్తేదాన్ని, ఊక తిరగేసేదాన్ని. కోళ్లు బరువు బాగా పట్టాయి. లారీతో వచ్చిన కంపెనీ మనిషి అక్కను మెచ్చుకున్నాడు.

"నేను కాదు, మా చెల్లె సాదింది," అందామె.

సంతోషించాల్సింది పోయి, అంత మాట అంత తేలిగ్గా అనగలిగినందుకు ఆమెను చూసి మళ్లీ కుళ్లుకున్నాను. ఇప్పుడు ఇద్దరం చెరో పూట చేస్తున్నాం. షెడ్డు మాత్రం ఆమెదే.