గోడ వైపు తిరిగే టైపు అయ్యోరు

టైపు అయ్యోరు పోయిన సంగతి ఆయనను తిట్టబోతుండగా తెలిసింది. ఆయన సిద్ధం చేసిచ్చిన కంప్యూటరు ముందురోజు సాయంత్రం నుంచి నన్ను లోపలికి రానివ్వడం లేదు. నాలుగుసార్లు ఫోన్ చేశాను. ఐదోసారి కూతురు ఎత్తింది.

"నాయన లేడు తాతా. తెల్లారి ఎదలో నొప్పన్యాడు, అంతే. మా ఊరు దేశనూరుకు తీస్కపోతాండాము."

తిట్టు నోట్లోనే ఉండిపోయింది.

మా ఊరి కౌల్ బజారులో మిద్దె మీద ఆయన టైపు స్కూలు నడిపేవాడు. టైపు మిషన్ల కాలం పోయాక, అడిగినవాళ్ల పాత కంప్యూటర్లలో లినక్స్ అనే సాఫ్ట్‌వేరు వేసిచ్చేవాడు. అది ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ఒక సాహిత్య సభలో, ఆయన ముందు వరసలో ఉండగానే, "ఊరికే ఇచ్చేది సరుకు కాదు, ఎర" అన్నాను. పండితులంతా పగలబడి నవ్వారు. వాళ్లలో ఒక్కరూ ఆయన గురించి ఇప్పటిదాకా ఒక వాక్యం రాయలేదు. అందుకే నేను రాస్తున్నాను.

తర్వాత నా వంతు వచ్చింది. యంత్రం పాతదైంది, కొత్తది కొనమని తెర రోజూ బెదిరించేది. ముప్పై ఏళ్లుగా నేను ఏరిన ఈ కన్నడ సరిహద్దు తెలుగు మాటలన్నీ అందులోనే ఉన్నాయి. షాపువాడు పాత ఇనుము కింద గుజిరీకి వేయమన్నాడు. అయ్యోరుకు ఫోన్ చేయడానికి నాకు నెల పట్టింది. ఆయన మరుసటి పూటే వచ్చాడు.

"ఏమప్పా, ఎరకు పడినావే!"

ఆ సభ గురించి ఆయన అన్నది ఆ ఒక్క మాటే.

కీబోర్డు ముట్టేవాడు కాదు. చేతులు వెనక్కి కట్టుకొని, "నీ యింటి బీగం నువ్వే తియ్యల్ల" అంటూ అన్నీ నాచేతే చేయించాడు. తెలుగు, కన్నడం, ఇంగ్లీషు, మూడు కీబోర్డులూ పెట్టించాడు. నేను పాస్‌వర్డు కొట్టేటప్పుడు గోడ వైపు తిరిగి క్యాలెండరు పైకి చదివేవాడు. "చూడన్లే, కొట్టుకో. ఈ పొద్దు ఏకాదశి, బేస్తవారం... అయిందాప్పా? ద్వాదశికి పోతాండా!"

దేశనూరు పోలేకపోయాను. నా మోకాళ్లు మెట్లు దిగనివ్వవు. గదిలో నేను, మూసుకున్న తెర. దాని వెనక సేవ్ చేయని ఇరవై పేజీల మాటలు. కంప్యూటరు ఆపితే అవి పోతాయి. పేజీ పేజీకీ సేవ్ చేయమని ఆయన మొత్తుకునేవాడు. నేను ఎవరి మాట విన్నాను గనక? రెండు రోజులు అదే పాస్‌వర్డు కొట్టాను. తప్పు, తప్పు అంది. తెర మీద కనిపించేవి చుక్కలే.

మూడో రోజు, ఆయన ప్రతి పాఠానికీ ముందు అనే మాట గుర్తొచ్చింది. "ముందు తెర మూలన చూడప్పా, యా భాషలో ఉండావో."

చూశాను. కన్నడం. నీళ్లు రావడం లేదని మునిసిపాలిటీకి కన్నడంలో అర్జీ రాస్తూ, ఆ సాయంత్రం మధ్యలో కాఫీకి లేచాను. తెర మూసుకుంది. నా పాస్‌వర్డు ఇంగ్లీషు అక్షరాలది. ఇన్ని వేల మాటలు ఏరినవాణ్ణి, నేనున్న భాష ఏదో చూసుకోలేదు.

ఇంగ్లీషుకు మార్చి వేళ్లు పెట్టాను. ఎందుకో గోడ వైపు చూశాను. క్యాలెండరు ఆయన చివరిసారి వచ్చిన నెల దగ్గరే ఆగి ఉంది. చదివేవాళ్లు లేరు. బీగం తియ్యడానికి చాలాసేపు చేతులు రాలేదు.