ఎడమపక్క మనిషి

ఆ రోజు పొద్దున నేను బడికి తయారవుతూ అద్దం ముందు జడ వేసుకుంటున్నాను. మంచం మీద నుంచి మా అత్తమ్మ పిలిచింది.

"పిల్లా, జర గిటు రా. నా పక్కన ఎవరో పండుకున్నరు."

నిద్రమత్తు అనుకున్నాను. దగ్గరికి వెళితే ఆమె పూర్తిగా మెలకువగానే ఉంది. మొహం కుడివైపు గోడకు తిప్పుకొని, కుడిచేత్తో తన ఎడమ మణికట్టును పట్టుకొని పైకి లేపి చూపించింది.

"గీ చెయ్యి ఎవరిది? సల్లగున్నది. తియ్యి దీన్ని."

"నీదే గదా అత్తమ్మా."

"నాదైతే నాకు తెల్వదా?"

చెయ్యి వదిలేసింది. అది మంచం పట్టె మీద పడి చప్పుడైంది. ఆమెకు నొప్పి తెలిసినట్టే లేదు. అప్పుడు చూశాను, నోరు ఒక పక్కకు జారి ఉంది.

అరవైలనాటి మాట. నాంపల్లి స్టేషను వెనక సందులో రెండు గదుల కిరాయి ఇల్లు మాది. మా ఆయన కోర్టులో గుమాస్తా. నేను ఆబిడ్స్‌లో ఒక బడిలో చిన్నపిల్లలకు తెలుగు చెప్పేదాన్ని. అత్తమ్మ ఆబిడ్స్ దర్జీలకు కాజాలు కుట్టిపెట్టేది. ఎడమచేత్తో గుడ్డ బిగించి పట్టుకొని, కుడిచేత్తో సూది ఆడిస్తూ, మాటలు ఆపకుండా కుట్టేది. ఇంట్లో మాటలంటే అన్నీ ఆమెవే.

పక్షవాతమని మాకు తెలిసింది. రిక్షాలో పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. అక్కడ చూసిన డాక్టరు మంచి మనిషే, కాని అలిసిపోయి ఉన్నాడు. "మంచాలు లేవమ్మా. ఉన్నా దీనికి మందు లేదు. ఇంటికాడ పండబెట్టి మాలిష్ చేయుండ్రి," అన్నాడు. అదే రిక్షాలో వెనక్కి వచ్చాం.

సందులోవాళ్లు తలా ఒక మాట చెప్పారు. పావురం నెత్తురు రుద్దమన్నారు. దర్గా నుంచి ఒకావిడ తాయెత్తు తెచ్చి కట్టింది. తైలం పట్టించడానికి నేను ఆమె ఎడమచెయ్యి చాచినప్పుడు, మోచేతి కింద ఉన్న పచ్చబొట్టు అత్తమ్మ కంట పడింది. మూడు చుక్కలు, వాటి చుట్టూ ఒక గీత. చాలాసేపు చూసింది.

"ఇది మా చెల్లెది," అంది. గొంతులో భయం లేదు. బస్సులో ఎవరో తెలిసినవాళ్లు కనబడినట్టుగా అంది.

ఆ చెల్లెలు చిన్నప్పుడే గత్తర, అంటే కలరా, వచ్చి పోయిందని మా ఆయనకు తెలుసు. ఇద్దరికీ ఒకే జాతరలో, ఒకే మనిషి, ఒకేలాంటి బొట్టు పొడిచిందట.

"నీక్కూడా ఉండె గదా అమ్మా గదే బొట్టు," అన్నాడు మా ఆయన.

"ఉండె. నా చెయ్యి ఏడ పోయిందో మరి. గిది మాత్రం దానిది."

అప్పటి నుంచి మా ఇంట్లో నలుగురమైనట్టు అయింది. కంచంలో అన్నం పెడితే కుడివైపు సగం తిని, "గింతనేనా పెట్టింది?" అనేది. కంచం తిప్పితే మిగతా సగం తినేది. కుడివైపు జుట్టు మాత్రమే దువ్వుకునేది. ఎడమవైపు నుంచి మాట్లాడితే నన్ను గోడ అవతల వెతికేది. మధ్యాహ్నాలు ఒక్కతే పడుకొని, తల తిప్పకుండా, మెల్లగా ఎవరితోనో మాట్లాడేది. "కప్పుకోయే, సలిపెడ్తది." చెల్లెలి మీద దుప్పటి సర్దేది కుడిచెయ్యి.

సందులోవాళ్లు రావడం మానేశారు. నాకూ భయంగానే ఉండేది. ఆ ఎడమచేతి వేళ్లు తుడుస్తుంటే ఒకోసారి బిగుసుకొని నా కొంగు పట్టుకునేవి. ఒక్కొక్క వేలూ ఊడదీసుకోవాల్సి వచ్చేది. ఒకరోజు నేనే, "ఉండు, చిన్నమ్మకు తడిగుడ్డ పెడుతున్న," అన్నాను. మా ఆయన చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది. "నువ్వు గూడ గట్లనే అంటున్నవేంది?" అన్నాడు. నా నోట్లోంచి ఆ మాట ఎట్లా వచ్చిందో నాకే తెలియలేదు.

ఆబిడ్స్‌లో సూది వేసే డాక్టరొకాయన ఈ సంగతి విని కుర్చీలోంచి లేచాడు. పెద్ద దవాఖానలో ఒక డాక్టరు సరిగ్గా ఇట్లాంటి వాళ్ల మీదే పరిశోధన చేస్తున్నాడని చెప్పాడు. రెండు రోజులకు, అదే దవాఖానలో, మంచాలు లేవన్నచోట మా అత్తమ్మకు మంచం దొరికింది. తెల్లటి దుప్పటి, తలాపున ఫ్యాను, కుడిపక్కన వరండాలోకి కిటికీ.

ఆ పరిశోధన చేసే డాక్టరు కోస్తావైపు నుంచి వచ్చినాయన. సన్నగా, మెత్తగా మాట్లాడేవాడు. రోజూ విద్యార్థులను వెంటేసుకొని వచ్చి అత్తమ్మ ఎడమచెయ్యి పైకెత్తేవాడు.

"అమ్మా, ఈ చెయ్యి ఎవరిది?"

"మా చెల్లెది."

"మీ చెల్లెలు ఎక్కడుంది?"

"సచ్చిపోయింది."

"చనిపోయినావిడ చెయ్యి ఇక్కడికెలా వచ్చిందమ్మా?"

"గది నేనెట్ల చెప్పాలె సారూ? నేనైతే పిలువలె."

విద్యార్థులెవరూ నవ్వలేదు. ఒక అమ్మాయి తన చేతిని కోటు జేబులో పెట్టుకుంది.

కసరత్తు చేయించే నర్సమ్మ రోజూ వచ్చి అత్తమ్మ భుజం, మోచెయ్యి, వేళ్లు కదిలించేది. కాలు మడిచి చాపించేది. మంచం అంచున కూర్చోబెట్టి నిలబడడం నేర్పించేది. వారం తిరగకముందే కాలిలో కొంచెం బలం కనిపించింది.

కిటికీ అవతల వరండాలో చాప మీద ఒకావిడ పడుకొని ఉండేది. పల్లె నుంచి వచ్చినవాళ్లు. నాటు వేస్తూ మడిలోనే పడిపోయిందట. కుడివైపంతా పోయింది, మాట పూర్తిగా పోయింది. పక్కన ఆమె భర్త గొంగడి పరుచుకొని కూర్చొని ఉండేవాడు. ఆమెకు మంచం లేదు. నర్సమ్మ ఆమె దగ్గరికి వెళ్లదు.

అత్తమ్మ తల ఎప్పుడూ కుడివైపే కదా. పొద్దంతా ఆమెనే చూసేది. ఆమె కూడా కళ్లార్పకుండా ఇటే చూసేది. నేను బడి వదలగానే వచ్చేసరికి ఇద్దరూ అట్లాగే ఉండేవాళ్లు. ఒకసారి అత్తమ్మ ఉన్నట్టుండి అంది: "ఆమెకు దూపైతుంది. ఎవరన్న నీళ్లియ్యుండ్రి." భర్త చెంబు అందిస్తే ఆమె గటగటా తాగింది. ఇంకోసారి, "దాని నడుము కింద రాయో ఏదో గుచ్చుతుంది," అంది. చాప ఎత్తి చూస్తే గొలుసు ముక్క ఉంది. ఆ మనిషి కిటికీలోంచి అత్తమ్మకు దండం పెట్టాడు. నాకు మాత్రం ఒళ్లు జలదరించింది. కొత్త బిడ్డను చూసుకునే తల్లిలాగా రోజంతా చూస్తుంటే ఎవరికైనా తెలుస్తుందేమో అని తర్వాత తోచింది. ఆ గదిలో ఉన్నప్పుడు మాత్రం అట్లా తోచలేదు.

ఒక సాయంత్రం ఆమె భర్త నన్ను ఆపాడు. "అమ్మా, మా ఆమెను గూడ జర చూడుమని సారుకు చెప్పుండ్రి. మీ మాటైతే ఇంటడు."

నేను అడిగాను. డాక్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఆవిడ జబ్బు మాకు తెలిసిందేనమ్మా. మీ అత్తగారిది తెలియనిది. నాకిచ్చిన మంచాలు రెండే. అవి కూడా తెలియని వాటి కోసమే ఇచ్చారు."

ఆయన అబద్ధం చెప్పలేదు. అందుకే ఏమనాలో తెలియక బయటికి వచ్చాను. వరండాలో కూర్చొని, నర్సమ్మ అత్తమ్మకు చేసినవన్నీ ఆవిడ కుడిచేతికి, కాలికి చేయడం మొదలుపెట్టాను. భర్తకు చూపించాను. నర్సమ్మ నన్ను చూసింది. ఏమంటుందో అని భయపడ్డాను. మర్నాటి నుంచి ఆమె అత్తమ్మ మంచాన్ని కిటికీ వైపు ఇంకాస్త జరిపి, ఒక్కో కసరత్తూ నెమ్మదిగా, పెద్ద గొంతుతో చెబుతూ చేసింది. అవతల ఆయన నిలబడి చూస్తూ తన భార్యకు అట్లాగే చేశాడు.

ఒకరోజు వచ్చేసరికి చాప లేదు. వరండా కడిగి ఉంది, ఫినాయిలు వాసన. అక్కడ ఎవరినీ ఉండనివ్వొద్దని పై నుంచి చెప్పారట. "పొయ్యిన్రు," అంది అత్తమ్మ. కిటికీలోంచి ఇంకా అటే చూస్తోంది. మా ఇంటి గుర్తులు ఆయనకు అంతకుముందే చెప్పి ఉంచాను.

పరిశోధన ముగిశాక మా మంచమూ పోయింది. ఇంటికి వచ్చాక నేనే కసరత్తు చేయించాను. అత్తమ్మ గోడ పట్టుకొని నడిచింది. కంచంలో ఎడమవైపు అన్నం కనిపించడం మొదలైంది. ఒక పొద్దున ఆమె ఏడుపు వినబడి పరిగెత్తాను. మంచం మీద కూర్చొని, ఎడమచేతిని ఒళ్లో పెట్టుకొని ఉంది.

"చెల్లె పోయిందే పిల్లా. చూసిన, ఇది నాదే."

నయమైందని సంతోషించాలో, ఓదార్చాలో తెలియలేదు. తలస్నానానికి నీళ్లు కాగబెట్టమంది, చావు మైలకు చేసినట్టు. మా ఆయన గుమ్మంలో నిలబడి వద్దనబోయి ఆగిపోయాడు. నేను ఆమెకు నీళ్లు పోశాను. అంతా అయ్యాక, ఎన్నడూ చూడని ఆ పిన్ని కోసం ఆయన కూడా తల మీద చెంబెడు నీళ్లు పోసుకున్నాడు.

ఆ చలికాలం పల్లె మనిషి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు, సంచిలో మక్కకంకులతో. గౌలిగూడ బస్టాండులో దిగి నడిచి వచ్చాడట. భార్య గోడ పట్టుకొని వాకిలి దాకా వస్తోందని చెప్పాడు.

"మాటనే వస్తలేదు. మాటకు గూడ కసరత్తు ఉంటదా అమ్మా?"

నాకు తెలియదు. కొన్నాళ్లకు డాక్టరు తనంతట తానే అత్తమ్మను చూడడానికి వచ్చాడు. చెయ్యి ఎప్పుడు తనదైందో అడగబోతుంటే అత్తమ్మ అడ్డు తగిలింది.

"ముందు నాకు చెప్పుండ్రి సారూ. మాటకు కసరత్తు ఉంటదా?"

"ఉంటుందమ్మా. దాన్ని నేర్పేవాళ్లు మన దగ్గర లేరు. ఎవరి కోసం?"

"వరండాల పండుకున్నామెకు."

ఆయనకు గుర్తురాలేదు. ఎంత చెప్పినా రాలేదు. మొహం ఎర్రబడింది. కాసేపటికి, మాట పోయినవాళ్లలో కొందరికి పాట మిగిలిపోతుందని చదివానన్నాడు. ఆమెకు వచ్చిన పాటలు పక్కన కూర్చొని పాడించమన్నాడు. నేను గుర్తుపెట్టుకొని, ఆ మనిషి మళ్లీ వచ్చినప్పుడు చెప్పాను.

"పాటలా? నాట్ల పాటలు ఆమెకు మస్తొచ్చు," అన్నాడు.

తర్వాత వానాకాలంలో వచ్చినప్పుడు ఆయన గడప దాటి లోపలికి రాకుండా నిలబడిపోయాడు.

"పాడుతది అమ్మా. ఒక్క మాట తప్పకుంట మొత్తం పాడుతది. ఆపినంక బువ్వ అని అడుగుమంటే నోరు పెకలదు. పాడంగ ఆమె మొకం ఆమె లెక్క ఉండదు. ఊరోళ్లు భయపడి మా వాకిట్లకు వస్తలేరు. నాకు గూడ..." అని ఆగాడు.

అత్తమ్మ కూర్చున్నచోటి నుంచి ఆయన వైపు తిరిగింది.

"నీకేం భయం? పక్కన కూసోని నువ్వు గూడ పాడు."

ఆయన తలూపి, వాన తగ్గకముందే గౌలిగూడ వైపు నడిచిపోయాడు.