పాత నంబరు మీద అంటించిన కాగితం

పోయిన మంగళవారం పొద్దున అశోక్‌నగర్ ఇంట్లో మా పెద్దనాన్న పోయారు. పేపరు చదువుతూ కుర్చీలోనే. చూడవచ్చినవాళ్లంతా "ఏ బాధా లేకుండా వెళ్లిపోయారు" అన్నారు. తల ఊపాను. ఆ మాట నిజమో కాదో నాకు తెలియదు.

ఆయన ఒక విమాన సంస్థ టికెట్ల ఆఫీసులో కౌంటరు మీద పనిచేసి రిటైరయ్యారు. "క్యూల నిలబడ్డోళ్ల మొఖం చూడాలె ముందుగల. కాగితాలు తర్వాత" అనేవారు. నేను లెక్చరరుగా చేరిన రోజు కూడా అదే చెప్పారు. పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు ఇప్పటికీ ఆ మాటే గుర్తొస్తుంది.

అలా మొఖం చూసే, ఒకసారి వెయిటింగ్ లిస్టులో వెనక ఉన్న ఒకామెకు చివరి సీటు ఇచ్చారు. తల్లికి సీరియస్‌గా ఉందని ఆమె కౌంటరు దగ్గర ఏడ్చిందట. ఆ విమానం కూలిపోయింది. ఎవరూ మిగల్లేదు.

కొన్నాళ్లకు సంస్థ ఆ ఫ్లైట్ నంబరును తీసేసింది. ముందే అమ్మిన టికెట్ల మీద పాత నంబరు కనబడకుండా కొత్త నంబరు స్టిక్కర్లు అంటించే పని ఈయనకే పడింది. చాలా ఏళ్ల తర్వాత, చిక్కడపల్లి మార్కెట్ నుంచి కూరగాయల సంచులతో వస్తూ ఇదంతా చెప్పారు.

"నంబరెందుకు తీసేస్తారు పెద్దనాన్నా?"

"గదే నంబరు రోజూ బోర్డు మీద కనబడితే ఎక్కెటోళ్లకు భయం కాదా? మనిషిని పోగొట్టుకున్నోళ్లు చూస్తే ఎట్లుంటది? గందుకే తీసేస్తరు. టైము గదే, బాట గదే. నంబరొక్కటే కొత్తది." సంచి చెయ్యి మార్చుకుని, "నాకు మాత్రం కొత్త నంబరు ఎవలిస్తరు బిడ్డా?" అన్నారు.

నవ్వుతూనే అన్నారు. నేనే నవ్వలేకపోయాను.

ఆ చివరి సీటులో వెళ్లినామె తమ్ముడికి నారాయణగూడలో పుస్తకాల షాపు ఉంది. ఆ సీటు ఇచ్చింది తానేనని చెప్పాలని పెద్దనాన్న వెళ్లేవారు, నోరు పెగలక ఒక నోట్‌బుక్ కొనుక్కుని వచ్చేవారు. ఏళ్ల తరబడి ఇదే. బీరువా నిండా తెల్ల నోట్‌బుక్కులే. "ఈసారి చెప్పేస్త" అన్నప్పుడు ఆపింది నేను. "ఇప్పుడెందుకు, మానిన గాయాన్ని మళ్లీ కెలకడం" అన్నాను. "గట్లనే" అన్నారు, అంతే. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఎవరి గాయం గురించి అన్నానో నాకే తెలియదు. ఆయనకున్న ఒక్క తలుపూ నేనే మూసేశానేమో.

పెద్దనాన్న పోయారని తెలిసి శుక్రవారం ఆ తమ్ముడే ఇంటికి వచ్చాడు. అరవై దాటిన మనిషి. ఫొటోకు దండం పెట్టి నా దగ్గరికొచ్చాడు.

"మా షాపుకు మంచి గిరాకీ అమ్మా, సారు. గన్ని నోట్‌బుక్కులల్ల ఏం రాస్తుండె? కథలా?"

"ఏమీ రాయలేదన్నా."

"మరి షాపుకాడ గంటసేపు నిలబడుతుండె. ఏమన్న కావాల్నా సార్ అంటే, ఏం లేదు అంటుండె. నాతోని ఏదో పనున్నట్లు అనిపిస్తుండె."

ఆయన చెప్పులేసుకుని గేటు దాటి, ఎండలో మెల్లగా సందు చివరిదాకా వెళ్లాడు. గొళ్లెం వేయబోయిన చెయ్యి అక్కడే ఆగింది.

"అన్నా! జర ఆగండి!"

ఆయన వెనక్కి తిరిగాడు. పిలిచిందెవరో చూడటానికి కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని, సందు మధ్యలో నిలబడ్డాడు.